మెట్టసీమ బాటలకు మోటారుబండి టైర్లు

మోటారుబండికి టైర్లు కొనుట మగవారి పనియని మన యిండ్లలో నొక యభిప్రాయము నాటుకొనియున్నది. బియ్యము మొదలు బంగారము వఱకు చేత పట్టి, కంట చూచి, బేరమాడి కొనెడు గృహిణియు టైర్ల దుకాణము వచ్చునప్పటికి బండిలోనే కూర్చుండిపోవును. లోపల కొనువా రొకరు, అమ్మువా రొకరు. మాట యంతయు టైరు చూపున కెట్లున్నదను దానిమీదనే నడచును. పెద్ద పెద్ద దిమ్మెలతో, లోతైన గాళ్లతో, యుద్ధమునకు బోవు బండికి దగినట్లున్న టైరు కంటికి నచ్చును, అది బిగింపబడును. దానిమీద నిత్యము ప్రయాణము చేయువారిలో మాత్రము ఆడువారును పిల్లలును వృద్ధులునే యెక్కువ. కావున ఈ విషయమును మన సోదరీమణులకు కొంత వివరముగా జెప్పదలచితిమి. ఇందు తెలియరాని శాస్త్రమేమియు లేదు. చీర నేత చూచి యెన్నిక జేయగల కన్ను టైరును గూడ జూడగలదు.

అన్ని సీమలకు నొకటే సలహా చెల్లదు గనుక మేము కుందుర్పి ప్రాంతమును దృష్టియందుంచుకొని వ్రాయుచున్నాము. కళ్యాణదుర్గమున కావల, కర్ణాటక సరిహద్దు ప్రక్కను, దుర్గపు గుట్ట నీడలో నున్న మెట్టసీమ యిది. అనంతపురము జిల్లాలో సంవత్సరమునకు కురియు వాన సగటున 550 మిల్లీమీటర్లకు మించదు. దేశములో తక్కువ వాన గల జిల్లాలలో నిది యొకటి. నేల యెఱ్ఱని గరుసునేల. వాన కురిసిన కొలది గంటలకే నీరు జాఱిపోవును, బాట గట్టిపడును, మఱునాటి కెఱ్ఱదుమ్ము లేచును. వేరుసెనగ చేలు, చేల నడుమ డొంకలు, డొంకల కిరువైపుల కంపచెట్లు, అక్కడక్కడ ఇసుక నిండిన యెండు వంకలు: ఇవి యిచ్చటి బాటలు. వీనిని దాటి తారురోడ్డు నెక్కినచో కళ్యాణదుర్గము, అనంతపురము, సరిహద్దున కావల పావగడ మొదలగు నూళ్లకు దారి తిన్నగా నుండును.

ఇట్టి చోట బొలేరో, స్కార్పియో, థార్ వంటి యెత్తైన బండ్లు ఉండుట విలాసము గాదు. ఉదయమున పిల్లలను బడికి, మధ్యాహ్నమున చేనికి ఎరువు బస్తాలు, సాయంకాలమున చుట్టముల యూరికి, అర్ధరాత్రమున ప్రసవవేదన పడుచున్న కోడలిని ఆసుపత్రికి చేర్చునది ఆ యొక్క బండియే. ఒక్క దినములోనే తారురోడ్డును చూచును, డొంకను చూచును. ఈ రెండింటికిని పనికివచ్చునట్లు చేయబడిన టైరునే వర్తకులు ఆల్ టెరైన్ టైరని పిలుతురు. తారురోడ్డు కొఱకే చేసినది హైవే టైరు. బురదకొఱకు చేసినది మడ్ టైరు. ఈ రెండింటికి నడిమిది ఆల్ టెరైన్. అమెరికాలో బి.ఎఫ్. గుడ్రిచ్ కంపెనీవారు 1976లో తేలిక లారీలకు ఈ పేరుతోనే యొక టైరును వెలువరించిరి. అప్పటినుండి తక్కిన కంపెనీలన్నియు నీ మాటను వాడుకొనుచున్నవి. నేడు మన దేశపు కంపెనీల లోను పలు రకములు దొరకుచున్నవి.

అయితే నడిమిది యన్నంతమాత్రమున రెండుచోట్ల నుత్తమమని తలపరాదు. మంచి హైవే టైరు తడిసిన తారుమీద ఆల్ టెరైన్ కంటె ముందుగా నాగును. చప్పుడు తక్కువ చేయును. చమురు తక్కువ త్రాగును. ఏలయన దాని రబ్బరు నేల నంటి యుండు భాగ మెక్కువ, గాళ్లు సన్నము. ఆల్ టెరైన్‌లో దిమ్మెలు పెద్దవి, వాని నడుమ సందులు వెడల్పు. డొంకలో నవి మట్టిని పట్టుకొనును, తారుమీద ఆ సందులన్నియు నేల నంటని చోట్లే యగును. మడ్ టైరున నీ లోపము ఇంకను హెచ్చు. కావున నొకచోట లాభము పొందుటకై మఱియొకచోట నష్టపడుచున్నామని యెఱిగియే ఎన్నుకొనవలెను.

మా యభిప్రాయమున కుందుర్పివంటి సీమలో జరుగు పొరపాటు ఇక్కడనే. టైరు ప్రకటనలలోని బొమ్మలన్నియు బురదలో మునిగి లేచుచున్న బండ్లవి. ఇచ్చట బురద యెన్నినాళ్లుండును? వానలు బాగుగ కురిసిన యేటనైనను వ్రేళ్లమీద లెక్కింపదగిన దినములు. ముల్లు, రాయి, ఎండ యను మూడు మాత్రము సంవత్సరము పొడవున నుండును. ఈ సీమకు టైరును బురదను తలచికొని కాక ఈ మూటిని తలచికొని కొనవలెను. అట్లు తలచినచో ఎన్నుకొను టైరు వేఱగును. కొన్ని యిండ్లకు ఆల్ టెరైన్ అక్కఱయే లేదని గూడ తేలును.

మొదట ముల్లు. సర్కారుతుమ్మ యనియు, సీమజాలి యనియు, ఊరకే కంప యనియు పలు పేళ్ల పిలువబడు నా చెట్టు మన దేశపుది గాదు. అమెరికా ఖండమునుండి విత్తనములు తెప్పించి 1870-80 సంవత్సరముల నడుమ కడప జిల్లా కమలాపురము దగ్గఱ నాటిరి. వంటచెఱకునకును, బీడునేల కప్పుటకును అది యుపకరించునని వారి యూహ. ఉపకరించినమాట నిజమే, ఎందఱి పొయ్యిలోనో నేటికిని అది మండుచున్నది. కాని కంచెకై కొట్టి యీడ్చుకొని పోవునప్పుడు దారి పొడవున రాలు ముండ్లు మనవారి కాళ్లకును బండ్ల టైర్లకును శత్రువులైనవి. ఎండిన కంపముల్లు మేకువలె గట్టిది, పొడవైనది. ఏ టైరైనను దానిని బొత్తిగ నడ్డుకొనునని చెప్పిన వర్తకుని మాట నమ్మవలదు. ఆల్ టెరైన్‌లో రబ్బరు మందము హెచ్చు గనుక చిన్న ముండ్లు లోపలి గాలి వఱకు చేరక మధ్యలోనే విఱిగి నిలుచును. పెద్ద ముల్లు తిన్నగ దిగిన దిగినదే. అందుచేత పంక్చర్లు తగ్గునే కాని లేకపోవు.

ట్యూబులేని టైరునందు ఒక సౌకర్యము కలదు. ముల్లు గ్రుచ్చుకొని యందే యున్నచో గాలి మెల్లగ పోవును గాని ఒక్కసారి దిగిపోదు. ఇల్లు చేరుటకు వ్యవధి దొరకును. కావున డొంకలో ముల్లు కనబడినదని తొందరపడి యచ్చటనే పెఱికివేయరాదు. ఇంటికిగాని పంక్చరు దుకాణమునకుగాని చేరిన పిమ్మట తీయింపవలెను. నేలనంటు భాగమున పడిన చిన్న రంధ్రమును పూడ్చి వాడుకొనవచ్చును. ప్రక్కభాగమున, అనగా టైరు గోడకు ముల్లో రాయో దిగినచో దానికి మరమ్మతు లేదు. అతుకు వేసి యిచ్చెదమను వారుందురు. ఆ గోడ బండి నడచునప్పుడెల్ల వంగి లేచుచుండును గనుక అతుకు నిలువదు. పిల్లలు కూర్చుండు బండికి అట్టి టైరు పెట్టరాదు. పంక్చరు కాకుండ టైరులో పోసెడు ద్రవములు కొన్ని యిపుడు విరివిగ నమ్ముచున్నారు. చిన్న రంధ్రములకు పనిచేయును. గోడ చిల్లికి పనిచేయవు.

ఈ గోడయే అసలు మాట. రాళ్ల బాటలో టైరు చెడుట తఱచుగ గోడ కోసుకొనిపోవుటవలన జరుగును. కొండరాయి అంచు కత్తివలె నుండును. దానిమీది కెక్కునప్పుడు కాక, దాని ప్రక్కను రాచుకొని దిగునప్పుడు గోడ తెగును. కావున దుకాణములో దిమ్మెల లోతు నొకసారి చూచి, గోడను రెండుసార్లు చూడుడు. మంచి ఆల్ టెరైన్ టైర్లలో దిమ్మెల వరుస నేలతో ఆగక గోడ మీదికి కొంత దిగి కవచమువలె నుండును. గోడలో నెన్ని దారపు పొరలు గలవో టైరుమీదనే వ్రాసియుండును. సాధారణముగ ఒకటి రెండుండును, మూడు గల టైరు రాళ్లకు మేలు. చేతి బొటనవ్రేలితో నొక్కి చూచినను రెండు టైర్ల భేదము కొంత తెలియును. ఇది శాస్త్రీయపరీక్ష కాదు గాని, వంకాయను నొక్కి కొనువారికి మేము వేఱుగ నేర్పనక్కఱలేదు.

గోడ యెత్తుగూడ ముఖ్యమైనదే. దీనిని టైరుమీది అంకెలనుండి యెవరైనను లెక్కింపవచ్చును. స్కార్పియో క్లాసిక్ బండి టైరుమీద 235/65 ఆర్ 17 అని యుండును. 235 యనగా టైరు వెడల్పు మిల్లీమీటర్లలో. 65 యనగా ఆ వెడల్పులో నూటికి 65 వంతులు గోడ యెత్తు. అనగా సుమారు 153 మిల్లీమీటర్లు. ఆర్ అనునది రేడియల్ అను నిర్మాణమునకు గుఱుతు. ఫ్రాన్సు దేశమున మిషెలిన్ కంపెనీవారు 1946లో దీనికి హక్కుపత్రము పొందిరి. 17 చక్రపు ఇనుపకట్టు అంగుళములు. బొలేరోకు 215/75 ఆర్ 15. లెక్క వేయుడు: గోడ 161 మిల్లీమీటర్లు. చిన్న బండియైనను గోడ యెత్తు దానికే హెచ్చు. రాయి తగిలినప్పుడు వంగి యోర్చుకొనుటకు ఎత్తైన గోడకు చోటుండును. పొట్టి గోడకుండదు, దెబ్బ ఇనుపకట్టునకే తగులును.

2020లో వెలువడిన థార్ బండిలో నీ భేదము చక్కగ గనబడినది. తక్కువ వెల రకమునకు 245/75 ఆర్ 16 టైర్లు, ఎక్కువ వెల రకమునకు 255/65 ఆర్ 18 టైర్లు వేసిరి. మొదటిదాని గోడ 184 మిల్లీమీటర్లు, రెండవదానిది 166. పద్దెనిమిది అంగుళముల మెఱయు చక్రము పెండ్లి యూరేగింపున కందముగ నుండును. కుందుర్పి డొంకకు మాత్రము తక్కువ వెల దాని టైరే మేలైనది. ధనమెక్కువ పెట్టి గోడను పొట్టి చేసికొనుట యేమి తెలివి?

ఇచ్చటనే మఱియొక మోజును గూర్చి చెప్పవలెను. కంపెనీ నిర్ణయించిన కొలతకంటె పెద్ద టైరు వేయించుకొనుట యిపుడు వాడుకయైనది. బొలేరోకు 235/75 ఆర్ 15 వేసిరనుకొందము. టైరు నిలువు 703 మిల్లీమీటర్లనుండి 733కు పెరుగును. బండి నేలనుండి లేచుట అందులో సగమే, ఒకటిన్నర సెంటీమీటరు. దీనికై కలుగు చిక్కు లెన్ని! స్పీడోమీటరు 60 చూపునప్పుడు బండి నిజముగ 62న్నర వేగమున పోవుచుండును. చక్రము త్రిప్పునప్పుడు టైరు లోపలి తొడుగునకు రాచుకొనవచ్చును. బ్రేకులకును ఇంజనుకును భారము హెచ్చును. ప్రమాదము జరిగినప్పుడు ఇన్సూరెన్సువారు ప్రశ్నింపవచ్చును. డ్రైవరు తలుపు ప్రక్కనున్న పట్టీ మీద ఏ కొలత వ్రాసియున్నదో దానిలోనే ఆల్ టెరైన్ రకము నడుగుడు.

కొలత పిమ్మట మఱియొక అంకెయు అక్షరమును ఉండును. 104 హెచ్ అని యొక ఉదాహరణము. ఈ అంకె బరువుకు గుఱుతు. 100 అని యున్నచో ఒక టైరు 800 కిలోలు మోయగలదు. 104 అయిన 900. 108 అయిన 1000. అక్షరము వేగమునకు: ఎస్ అనగా గంటకు 180 కిలోమీటర్లు, టి 190, హెచ్ 210. మన డొంకలలో వేగపు అక్షరముతో పనిలేదు. బరువు అంకెతో మిక్కిలి పని కలదు. నాలుగు టైర్లు కలిపి 3,200 కిలోలు మోయునుగదా యని యూరడిల్లరాదు. ఏడుగురు కూర్చుండి, వెనుక నాలుగు వేరుసెనగ బస్తాలు వేసి, పైన మంచము కట్టిన బండిలో బరువు చాలవఱకు వెనుక రెంటిమీదనే పడును. బండితో వచ్చిన టైరు అంకెకు తగ్గినది ఎంత చౌకయైనను వద్దు. ఎల్.టి. యను అక్షరములు గల టైర్లు తేలిక లారీలకై చేసినవి. గోడ మిక్కిలి బలము. కాని యంతే బరువును మోయుటకు వానిలో గాలి యెక్కువ పట్టింపవలసియుండును, కుదుపును ఎక్కువ. ఇంట గర్భిణియో నడుమునొప్పి గల అత్తగారో ఉన్నచో వానిజోలికి పోకుండుటయే మంచిది.

టైరు ప్రక్కను పర్వతము బొమ్మయు మంచు నక్షత్రమును చెక్కియుండుట కొందఱు చూచియుందురు. అది మంచుదేశములలో జరిపిన పరీక్షకు గుఱుతు. అందుకై పైకము హెచ్చుగ నడిగినచో, కుందుర్పిలో మంచు కురిసినప్పుడు వచ్చెదమని చెప్పి లేచిరండు. ఐ.ఎస్.ఐ. ముద్ర మాత్రము తప్పక యుండవలెను.

ఇక ఎండ. ఈ సీమలో ఏప్రిల్, మే నెలలందు ఎండ 40 డిగ్రీలు దాటును. తారు అంతకంటె మిక్కిలి వేడెక్కును. టైరు ప్రేలుటకు ఎండయే కారణమని చాలమంది తలతురు. అందుచేత వేసవిలో గాలి తక్కువ పట్టింతురు. ఇది తలక్రిందుల వైద్యము. గాలి తక్కువైనచో గోడ అతిగా వంగి లేచును. ఆ వంగుటలో లోపల వేడి పుట్టును. పై వేడికి లోపలి వేడి తోడై దారపు పొరలు విడిపోవును. బరువుతో, వేగముతో పోవునప్పుడు అదియే ప్రేలుడు. పట్టీమీద వ్రాసిన గాలి, బండికి తగినట్లు, చదరపు అంగుళమునకు ముప్పది పైచిలుకు పౌనులు, తెల్లవాఱుజామున బండి కదలక ముందు చూచి పట్టింపవలెను. వేడి సుమారు ఆఱు డిగ్రీలు పెరిగినచో గాలి ఒత్తిడి ఒక పౌను పెరుగును గనుక మధ్యాహ్నపు లెక్క సరియైనది కాదు. నడచివచ్చిన టైరులో హెచ్చుగ నున్నదని గాలి వదలివేయుట తప్పు. గాలి చూచెడు చిన్న గడియారము వంటి సాధనము కొలది రూపాయలకు దొరకును. పాలలో నీరు చూచునట్లు పదునైదు దినముల కొకసారి ఇంటివారే చూచుకొనవచ్చును.

ఎండవలన మఱియొక కీడు కలదు. తక్కువగ తిరుగు బండి టైరు అరుగకపోయినను రబ్బరు ఎండిపోయి సన్నని బీటలు వాఱును. గాళ్లు లోతుగనే యున్నవిగదా యని దానిని నమ్మరాదు. టైరు గోడమీద నాలుగంకెల గుఱుతొకటి కోడిగ్రుడ్డు ఆకారపు గీతలో నుండును. 2324 అని యున్నచో అది 2024వ సంవత్సరము 23వ వారమున తయారైనదని యర్థము. అయిదేండ్లు దాటిన పిమ్మట ఏటేట పరీక్షింపజేయవలెననియు, పదేండ్లు దాటినదానిని తీసివేయవలెననియు పలు కంపెనీలు చెప్పుచున్నవి. ఎండసీమలో అంతవఱకు ఆగవలెనని మేము చెప్పము. క్రొత్త టైరు కొనునప్పుడును ఈ యంకె చూడవలెను. మూడేండ్లు అటకమీద నిలువయున్న సరకును క్రొత్తదాని వెలకు కొనుటెందుకు? ఆవకాయకు ఏటి కారమో అడుగువారము, టైరునకు అడుగరాదా?

బురదను గూర్చి చెప్పవలసినది స్వల్పము. ఎఱ్ఱ గరుసునేలలో ఆల్ టెరైన్ తడబడదు. నల్లరేగడి నేల యున్న వైపునకు పోవలసివచ్చినచో జాగ్రత్త. ఆ జిగట దిమ్మెల సందులను నింపివేసిన పిమ్మట ఏ టైరైనను నున్నని గుండువంటిదే యగును. గంట యాగి, నేల ఆఱిన తరువాత పోవుటయే ఉపాయము. ఇసుకవంకలో మాత్రము టైరుకంటె గాలి ముఖ్యము. ఇరువది పౌనుల వఱకు గాలి తగ్గించినచో టైరు వెడల్పుగ పఱచుకొని ఇసుకమీద తేలును. నిండు గాలితో పోయినచో గడ్డపారవలె దిగబడును. దాటిన వెంటనే మఱల గాలి పట్టనిదే తారురోడ్డు నెక్కరాదు; ఇందుకై బండిలోని సిగరెట్టు వెలిగించు రంధ్రమునుండి కరెంటు తీసికొను చిన్న పంపు నుంచుకొనవలెను. ఆ రంధ్రమునకు మన యిండ్లలో ఇంతకంటె మంచి యుపయోగము లేదు.

ఇవన్నియు తెలిసిన పిమ్మట కొనవలసినదేది? ఇంటి లెక్కను బట్టి తేల్చుకొనవలెను. ఒక సంసారమును ఊహించుకొందము. బండి నెలకు 1,200 కిలోమీటర్లు తిరుగును. అందులో తారురోడ్డు 1,080. చేనికిని డొంకకును 120. పదింట ఒక వంతు. డొంకయు గరుసుబాట, రాళ్లు తక్కువ. ఈ యింటికి గోడ గట్టిగ నున్న మంచి హైవే టైరే చాలును. ఆల్ టెరైన్ కొన్నచో తక్కిన తొమ్మిది వంతుల దారిలో చప్పుడును చమురు ఖర్చును మోయవలెను. మఱియొక యింట చేను గుట్టవార నున్నది; దినమునకు రెండుసార్లు రాళ్లమీద పోవలెను; సగము ప్రయాణ మట్లే. ఆ యింటికి ఆల్ టెరైన్ తప్పదు. అందులోను దిమ్మెలు మరీ ఎడముగ లేనిదానిని, వాని మీద సన్నని గాట్లు గలదానిని ఎన్నుకొనవలెను. ఆ గాట్లే తడి తారుమీద నీటిని తుడిచి పట్టునిచ్చును. మడ్ టైరు ఈ రెండిండ్లలో దేనికిని వద్దు. ఒక నెల యంతయు బండి యెక్కడికి పోయినదో పాలలెక్క ప్రక్కనే వ్రాసియుంచిన గృహిణి చేతిలో దుకాణదారుడు చెప్పజాలని సమాధానముండును.

తడి తారును మేమింతగా పట్టుకొనుటకు కారణము కలదు. కఱవుసీమలో తడిరోడ్డు మీద నడుపు అలవాటు ఎవరికిని లేదు. నెలల తరబడి తారుమీద పేరుకొనిన దుమ్మును, నూనెజిడ్డును మొదటి వాన తడిపి అట్టుపెనము వలె నున్నగ చేయును. వాన వచ్చినదను సంతోషముతో అందఱు వేగముగ ఇండ్లకు బయలుదేరు గడియ యది. అరిగిన ఆల్ టెరైన్ టైరుతో ఆ రోడ్డు మీద బ్రేకు వేసిన బండి యెక్కడ నిలుచునో చెప్పలేము. గాళ్ల అడుగున అక్కడక్కడ చిన్న గట్టులుండును. దిమ్మెలు ఆ గట్టుల మట్టమునకు అరిగినచో లోతు 1.6 మిల్లీమీటర్లే మిగిలినదని గుఱుతు. అంతవఱకు కూడ ఆగక వానకారు ముందే మార్పించుట మేలు.

నాలుగు టైర్లు ఒక్కసారి మార్చినచో పదులవేల రూపాయలగును. వేరుసెనగ చేతికందని యేట ఆ పైకము పిల్లల చదువుతో పోటీపడును. ఇది మే మెఱుగుదుము. రెండే కొనగలిగినచో క్రొత్తవానిని వెనుక చక్రములకు వేయింపవలెను. ముందువి జాఱినచో డ్రైవరు చేతికి తెలియును, సరిదిద్దుకొనును. వెనుకవి జాఱినచో బండి గిఱ్ఱున తిరిగిపోవును. నాలుగు చక్రములకును ఇంజను బలము పోవు బండికి మాత్రము ఈ సర్దుబాటు తగదు; నాలుగును ఒకటే రకము, ఒకటే అరుగుదల యుండవలెను. పదివేల కిలోమీటర్ల కొకసారి ముందువి వెనుకకు, వెనుకవి ముందుకు మార్పించినచో అన్నియు సమముగ అరుగును.

పెనుకొండ దగ్గఱ కియా వారి కర్మాగారమున 2019లో మొదటి సెల్టోస్ బండి వెలువడినప్పటినుండి అట్టి క్రొత్త బండ్లు మన పల్లెలకును వచ్చినవి. చూపునకు ఎత్తుగనున్నను అవి ముందు చక్రములతోనే నడచు కార్లు. వానికి ఆల్ టెరైన్ వేసినంతమాత్రమున జీపులు కావు. కంపెనీ యిచ్చిన కొలతలో మంచి రోడ్డుటైరు వేసి, రాళ్ల డొంకకు దూరముగ నుంచుటయే వానికి చేయదగిన యుపకారము.

స్వదేశపు సరకా, విదేశపుదా యని యడుగువారుందురు. 1946లో మదరాసు ప్రక్క తిరువొత్తియూరులో పిల్లలాడుకొను గాలిబుడగలు చేయుటతో మొదలైన చిన్న కర్మాగారమే నేటి ఎమ్.ఆర్.ఎఫ్.; సదాశివపేటలోను దాని మిల్లు కలదు. అపోలోవారు 2020లో తిరుపతికి ఆగ్నేయమున చినపాండూరులో టైర్ల తయారీ ఆరంభించిరి. మన తెలుగు కూలి చేసిన టైరే మన బండికి దొరకుచున్న కాలమిది. అసలు గాలి టైరు మొదట వాడుకకు వచ్చినదియు ఒక పిల్లవాని కొఱకే. 1888లో ఐర్లండులోని బెల్ఫాస్టు పట్టణమున డన్‌లప్ అను పశువైద్యుడు తన కుమారుని మూడుచక్రముల బండి కుదుపు తగ్గించుటకై దానిని చేసెను. పేరు చూచి కాదు, గోడయు, బరువంకెయు, తయారీ వారమును చూచి కొనుడు.

కడపట స్టెప్నీ మాట. ఈ పేరు వేల్సు దేశములో లనేల్లీ యను నూరిలోని స్టెప్నీ వీధినుండి వచ్చినది. 1904లో నచ్చటి సోదరు లిద్దఱు అదనపు చక్రమును అమ్మకమునకు పెట్టిరి. ఆ వీధిని చూడని మన పల్లెలలో నేటికి నా పేరే నిలిచియున్నది. మన ప్రభుత్వమువారు 2020లో చేసిన మార్పు ప్రకారము, ట్యూబులేని టైర్లును, గాలి తగ్గినచో హెచ్చరించు సాధనమును, మరమ్మతు సామగ్రియు గల కార్లకు స్టెప్నీ లేకపోయినను చెల్లును. పట్టణములలో నది సరియే. గోడ తెగిన టైరును మరమ్మతు సామగ్రి బాగుచేయలేదు గనుక కుందుర్పి వైపు వారు స్టెప్నీ లేని బండి కొనరాదు. ఉన్న స్టెప్నీయు తక్కిన నాల్గింటి కొలతదే కావలెను. టైర్లు మార్చిన దినముననే ఇంటి స్త్రీలలో ఒకరైనను జాకీ వేసి చక్రము విప్పి మఱల బిగించి చూడవలెను. బోల్టులను బండి లేపకముందే కొంచెము వదులు చేయవలెను. గాలిలో తిరుగు చక్రమున వానిని విప్పుట కష్టము. దుకాణములో యంత్రముతో బిగించిన బోల్టులు చేతికి రానిచో స్పానరు పిడికి మూరెడు ఇనుపగొట్టము తొడిగి నొక్కిన వచ్చును. గరుసునేలలో జాకీ దిగబడకుండ అడుగున పెట్టుటకు జానెడు చెక్కపలక యొకటి బండిలో నెప్పుడు నుంచుడు.